కాసుమీది రాణులు: నెల్లూరు నాగటిచాలులో దొరికిన ఫౌస్టీనా

 

ఈ దినమున మనము ఒక చిన్న వస్తువునుగూర్చి ఆలోచన చేద్దాము. అది అరచేతి మధ్యలో పట్టునంత చిన్నది, ఏడు గ్రాముల బరువు గలది. రోమా పట్టణములో అచ్చు వేసిన బంగారు కాసు అది. దానిమీద రాజు ముఖము కాదు, ఒక స్త్రీ ముఖము ఉన్నది. ఆమె ఎవరు? సముద్రము దాటి ఆమె ముఖము మన తెలుగు నేలకు ఎట్లు వచ్చెను? ఆమెను చూచి మనము నేర్చుకొనవలసినది ఏమి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెదకుదాము.

నాగలికి తగిలిన కుండ

సుమారు 1786వ సంవత్సరములో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలి ఇటుక కట్టడమునకు తగిలి ఆగిపోయినది. అతడు త్రవ్వి చూడగా అది ఒక చిన్న పాతగుడి పునాది. దాని క్రింద ఒక చిన్న కుండ, కుండలో బంగారు కాసులు. ఆ కాసులు ఎవరివో, ఎప్పటివో ఆ రైతుకు ఎట్లు తెలియును? పాత బంగారమని అమ్మివేసెను. వాటిలో అనేకము కంసాలి మూసలో కరిగిపోయినవి. సంగతి తెలిసి ఆర్కాటు నవాబు కుటుంబములోని అమీర్ ఉల్ ఉమరా ముప్పదికి పైగా కాసులను తిరిగి సంపాదించగలిగెను.

ఆ దినములలో మద్రాసు గవర్నరుగా ఉన్నవాడు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ అను ఆంగ్లేయుడు. ఆ కాసులన్నిటిలోనుండి రెండింటిని ఏరుకొనుటకు అతనికి అవకాశము దొరికెను. ట్రాజన్ చక్రవర్తి కాసులు మంచి స్థితిలో ఉన్నను అతడు వాటిని కోరలేదు. ఒకటి హేడ్రియన్ చక్రవర్తి కాసు, రెండవది ఫౌస్టీనా రాణి కాసు తీసికొనెను. ఈ సంగతిని అతడు 1787 జూలైలో ఒక ఉత్తరములో వ్రాయగా, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారు 1790లో తమ సంపుటములో అచ్చువేసిరి. తెలుగు నేలలో దొరికిన రోమా కాసులను గూర్చి అచ్చులోనికి వచ్చిన తొలి వార్తలలో ఇది ఒకటి. రాణి ముఖము గల రోమా కాసును కోరి ఏరుకొనిన మనిషి కథ మన నెల్లూరు మట్టిలోనే మొదలైనదన్నమాట.

ఆ ఉత్తరములో మరియొక మాట ఉన్నది. ఆ కాసులలో కొన్ని నిన్ననే టంకసాలనుండి వచ్చినట్లు మెరయుచున్నవట. మరికొన్ని అరిగిపోయి, రంధ్రములు చేయబడి ఉన్నవట. వాటిని ఎవరో దండకడియములవలె చేతికి, పతకములవలె మెడకు ధరించి ఉందురని డేవిడ్‌సన్ అనుకొనెను. మన అమ్మమ్మల కాసులపేరు జ్ఞాపకము వచ్చుటలేదా?

మిరియములకును బట్టలకును వచ్చిన బంగారము

ఈ కాసులు ఇక్కడికి ఎందుకు వచ్చినవి? యుద్ధముచేత రాలేదు. రోమా సైన్యము ఎన్నడును మన గట్టుమీద అడుగు పెట్టలేదు. ఇవి వ్యాపారముచేత వచ్చినవి. క్రీస్తుశకము మొదటి శతాబ్దములో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన సముద్రయాన గ్రంథములో మసాలియా అను మన తీరప్రాంతము పేరు ఉన్నది. అక్కడ సన్నని నూలుబట్టలు విస్తారముగా నేయబడునని అతడు వ్రాసెను. సుమారు 150వ సంవత్సరములో టాలమీ అను భూగోళ శాస్త్రజ్ఞుడు ఇదే ప్రాంతమును మైసోలియా అని పిలిచి, కంటకోస్సిల అను రేవు సంతను పేర్కొనెను. అది కృష్ణా జిల్లాలోని ఘంటసాల అని చరిత్రకారులలో అనేకుల అభిప్రాయము. సలకెనోయి అను ప్రజలను కూడ అతడు చెప్పెను. తరువాతి దినములలో మన పెదవేగి రాజధానిగా ఏలిన శాలంకాయనులకు ఈ పేరు పూర్వరూపమని చెప్పుదురు. కనుక కొల్లేటి చుట్టుప్రక్కల ఉన్న మనకు ఈ సంగతి దూరపు చుట్టరికము కాదు. మన పొరుగింటి కథయే.

ప్లినీ అను రోమా పండితుడు కోపముతో ఒక లెక్క వ్రాసెను. ఇండియా ప్రతి సంవత్సరము ఐదు కోట్ల సెస్టెర్సులకు తక్కువ కాకుండ రోమానుండి లాగికొనుచున్నదని ఆయన ఫిర్యాదు. నాలుగు సెస్టెర్సులు ఒక దేనారము. మత్తయి సువార్త 20వ అధ్యాయములో ద్రాక్షతోట కూలివానికి దినమునకు ఇచ్చిన కూలి ఒక దేనారమే కదా. ఆ ఉపమానపు లెక్కన ప్లినీ చెప్పిన సొమ్ము ఒక కోటి ఇరువది ఐదు లక్షల దినముల కూలి! ఇరువది ఐదు దేనారములు ఒక బంగారు కాసు. అనగా నెల్లూరు కుండలో మిగిలిన ముప్పది కాసులే ఒక కూలివాని రెండు సంవత్సరముల కష్టార్జితముకంటె ఎక్కువ. ప్రకటన గ్రంథము 18వ అధ్యాయములో బబులోను వర్తకులు ఏడ్చుచు ఏ సరకుల పట్టిక చెప్పిరో ఒకసారి తీసి చూడుడి. బంగారము, ముత్యములు, సన్నపు నార, దాల్చినచెక్క, ఏనుగు దంతము. ఆ పట్టికలో మన సముద్రపు గాలి కూడ తగులుచున్నది.

ప్రభువు చేతికి వచ్చిన కాసు వెనుక ఎవరున్నారు?

నల్గొండ జిల్లా అక్కనపల్లిలో ఒకేచోట 1,500కు పైగా రోమా వెండి కాసులు దొరికినవి. అవి ఔగుస్తు, తిబెరి కైసరుల కాలపువి. పరమేశ్వరీలాల్ గుప్తా అను నాణెముల పండితుడు ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమా కాసులనుగూర్చి వ్రాసిన గ్రంథము 1965లో హైదరాబాదులో అచ్చయినది.

ప్రియులారా, తిబెరి దేనారము అనగానే మనకు ఒక సంగతి జ్ఞాపకము రావలెను. పన్ను చెల్లించుట న్యాయమా కాదా అని ప్రభువును చిక్కుపరచుటకు వచ్చినవారు ఆయనయొద్దకు ఒక దేనారము తెచ్చిరి. దానిమీద ఉన్న రూపము, వ్రాత ఎవరివని ఆయన వారినే అడిగెను. ఆ కాసు తిబెరి కైసరు దేనారమని అనేకమంది పండితులు తలంచుదురు. దక్షిణ భారతదేశములో దొరికిన వెండి కాసులలో ఆ రకము ఎంతో సామాన్యము. అనగా దేవాలయపు ఆవరణములో ప్రభువు చూచిన కాసువంటిదే మన తెలుగు పల్లె మట్టిలోను ఉండెను!

ఆ కాసుకు ముందువైపు తిబెరి తల. అతడు దేవుడైన ఔగుస్తు కుమారుడని వ్రాత. వెనుకవైపు ఒక స్త్రీ కుర్చీలో కూర్చుండి, ఒక చేత కొమ్మను, మరియొక చేత దండమును పట్టుకొని యుండును. ఆమె పేరు అక్కడ లేదు. ఆమె చక్రవర్తి తల్లియైన లివియా అనియు, సమాధాన దేవత వేషములో ఆమెను చూపిరనియు చాలమంది నమ్మిక. చూచితిరా? రాజ్యములో అందరికంటె బలము గల స్త్రీని కూడ మొదట పేరు లేకుండ, దేవత వేషము వేసి, కాసు వెనుకప్రక్క కూర్చుండబెట్టిరి.

తరువాత 37వ సంవత్సరములో రాజ్యమునకు వచ్చిన కాలిగులా తన ముగ్గురు చెల్లెండ్రను ఇత్తడి కాసుమీద పేర్లతో సహా నిలువబెట్టెను. ఆ ముగ్గురిలో ఒకతె అగ్రిప్పీనా. ఈమె కథ కొంచెము వినుడి.

ఎదురెదురుగా ఉన్న తల్లి, కొడుకు

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో క్లౌదియ చక్రవర్తి యూదులను రోమానుండి వెళ్లగొట్టెనని ఉన్నది. అకుల, ప్రిస్కిల్ల ఆ కారణముచేతనే కొరింథుకు వచ్చి పౌలును కలిసికొనిరి. ఆ క్లౌదియ 49వ సంవత్సరములో పెండ్లాడిన స్త్రీయే అగ్రిప్పీనా. ఆమె తాను బ్రతికి ఉండగనే బంగారు, వెండి కాసులమీద తన ముఖమును, ఔగుస్తా అను బిరుదును వేయించుకొన్నది. 54లో క్లౌదియ చనిపోయెను. ఆమె విషము పెట్టించెనని ఆ కాలపు చరిత్రకారులు వ్రాసిరి. ఆమె కొడుకు నీరో, పదహారేండ్ల పిల్లవాడు, సింహాసనము ఎక్కెను.

ఆ సంవత్సరపు కాసు చూడవలసినది. తల్లియు కొడుకును ఎదురెదురుగా, ముఖమునకు ముఖము పెట్టి ఉన్నారు. ముఖ్యమైన వైపు ఉన్న పేరు, బిరుదులు తల్లివి. మరుసటి యేట అచ్చయిన కాసులో ఇద్దరును ఒకే దిక్కు చూచుచున్నారు. కొడుకు ముందు, తల్లి వెనుక. పేరు కూడ ముందువైపునుండి వెనుకకు పోయినది. అటుతరువాత కాసులమీద ఆమె ముఖము లేదు. 59లో నీరో తన తల్లిని చంపించెను. ఈ నీరో కాలములోనే రోమా క్రైస్తవులు ఘోరహింసలు పొందిరి.

పుస్తకము చదువనేరని రోమా పల్లెటూరి మనిషికి కూడ ఈ కాసులు చేతికి వచ్చును. రాజభవనములో ఎవరి మాట చెల్లుచున్నదో, ఎవరి మాట పోయినదో అతడు సంతలో ఉప్పు కొనునప్పుడు తెలిసికొనును. ఈ దినము గోడమీద అంటించిన పోస్టరులో ఎవరి బొమ్మ పెద్దది, ఎవరి బొమ్మ చిన్నది అని మనవారు చూచుచున్నట్లే కదా!

ఇద్దరు ఫౌస్టీనాలు

ఇక నెల్లూరు కాసుకు వత్తము. రెండవ శతాబ్దములో ఫౌస్టీనా అను పేరుగల రాణులు ఇద్దరు. ఒకరు తల్లి, ఒకరు కుమార్తె.

తల్లి ఆంటోనినస్ పయస్ చక్రవర్తి భార్య. 138లో భర్త రాజైనప్పుడు ఔగుస్తా అయినది. రెండేండ్లు గడచినవో లేదో 140లో చనిపోయినది. రోమా పెద్దలు ఆమెను దేవతగా ప్రకటించిరి. భర్త ఇంకను ఇరువది సంవత్సరములు బ్రతికెను. ఆ కాలమంతయు ఆమె ముఖముతో, దివ్యురాలైన ఫౌస్టీనా అను వ్రాతతో కాసులు వేయించుచునే ఉండెను. అందువలననే ఈ దినమునకు కూడ, కాసులు కూడబెట్టువారికి అన్ని రాణుల కాసులకంటె సుళువుగా దొరకు వాటిలో ఆమె వెండి కాసు ఒకటి. కొన్నిటిమీద నిత్యత్వము అను మాట కూడ చెక్కించిరి.

ఆమె పేరిట రోమా నడిబొడ్డున ఒక గుడి కట్టిరి. ఆ గుడి స్తంభములు ఇప్పటికిని నిలిచియున్నవి. కాని లోపల ఫౌస్టీనా పూజ లేదు. మధ్యయుగములలో అది లారెన్సు భక్తుని పేరిట క్రైస్తవ ఆలయమైనది.

ఆ రాజు మరియొక పని కూడ చేసెను. భార్య జ్ఞాపకార్థము పేద బాలికలను పోషించుటకు ఒక నిధి ఏర్పరచెను. వారికి ఫౌస్టీనా బాలికలు అని పేరు. తలిదండ్రులు పిల్లలను ఎత్తుకొని రాజునొద్దకు వచ్చుచున్నట్లు చూపించు కాసులు కొన్ని ఉన్నవి. అవి బహు అరుదు. ఆడపిల్ల పుట్టగానే పారవేయుట తప్పుకాదనుకొన్న ఆ లోకములో ఆడపిల్లల అన్నముకొరకు సొమ్ము కేటాయించుట మంచి పనియే. మంచిని మంచి అని ఒప్పుకొనుటకు మనము వెనుదీయనక్కరలేదు.

కుమార్తె చిన్న ఫౌస్టీనా 145లో మార్కస్ ఔరేలియస్‌ను పెండ్లాడినది. 147లో తొలిచూలు బిడ్డ పుట్టగానే ఆమెకు ఔగుస్తా బిరుదు ఇచ్చిరి. ఆమెకు కలిగిన బిడ్డలు పన్నెండుగురికి తక్కువ కారు. ఆమె కాసుల వెనుక సంతానభాగ్యము, కాలముల సంతోషము అను మాటలు, చంకన ఒకరు, ప్రక్కన ఇద్దరు, ముగ్గురు బిడ్డలతో నిలిచిన తల్లి బొమ్మ. ఒక కాసులో ఆరుగురు బిడ్డలను లెక్కపెట్టవచ్చును. 161లో ఆమెకు కవల మగపిల్లలు పుట్టిరి. ఇద్దరు శిశువులను ఒక సింహాసనముమీద పెట్టి యుగమునకు కలిగిన సంతోషము అని కాసు అచ్చువేసిరి.

కాని కాసు చెప్పని సంగతి ఒకటి ఉన్నది. ఆ కవలలలో ఒకడు నాలుగేండ్లకే చనిపోయెను. ఆమె బిడ్డలలో అనేకులు చిన్నతనములోనే పోయిరి. టంకసాలలో సంతోషము అని కొట్టుచుండగా ఇంటిలో చిన్న చిన్న పాడెలు కట్టుచుండిరి. బిడ్డను పోగొట్టుకొనిన తల్లులారా, మీ దుఃఖము ఆమెకును తెలియును. బంగారము ఆ తలుపును కాయలేకపోయెను. 175 ప్రాంతములో భర్తతోకూడ ప్రయాణము చేయుచు, చిన్న ఆసియా కొండలనడుమ ఒక పల్లెలో ఆమె కన్నుమూసినది. ఆ పల్లెకు ఆమె పేరు పెట్టిరి.

ముఖము లేనివారు

ఆమె చనిపోయిన రెండు మూడు సంవత్సరములలోనే, 177లో, ఆమె భర్త ఏలుబడి క్రింద గాలు దేశపు లుగ్దూనము పట్టణములో, ఇప్పటి ఫ్రాన్సులోని లియోనులో, క్రైస్తవులను పట్టి హింసించిరి. అక్కడి సంఘము వ్రాసిన ఉత్తరమును యూసెబియస్ అను సంఘ చరిత్రకారుడు భద్రపరచెను. అందులో తొంబదియేండ్లు దాటిన పోతినస్ అను అధ్యక్షుడు చెరసాలలో చనిపోయిన సంగతి ఉన్నది. బ్లాందీనా అను దాసి సంగతియు ఉన్నది. ఆమె శరీరము బలహీనమైనది, ఏమి తట్టుకొనగలదు అని తోటి విశ్వాసులే భయపడిరి. హింసించువారు వంతులవారీగా అలసిపోయిరి గాని ఆమె ఒప్పుకోలు మారలేదు.

ప్రియులారా, ఆలోచించుడి. ఒకే కాలము, ఒకే రాజ్యము. ఒక స్త్రీ ముఖము బంగారముమీద చెక్కబడి సముద్రము దాటి నెల్లూరు చేరినది. మరియొక స్త్రీ ముఖము ఎట్లుండెనో ఎవరును చెప్పలేరు. అయినను లోకమంతట ఎన్ని సంఘములలో బ్లాందీనా పేరు ఈ దినమునకు కూడ పలుకబడుచున్నది!

మన నేలమీద కూడ ఇట్టి సంగతియే కలదు. 1954 మొదలుకొని 1960 వరకు, సాగరు నీళ్లు నిండకమునుపు, నాగార్జునకొండలో గొప్ప త్రవ్వకములు జరిగినవి. అక్కడ దొరికిన రోమా బంగారు కాసులలో పెద్ద ఫౌస్టీనాది ఒకటి. అదే కొండలోయలో మూడవ శతాబ్దపు ఇక్ష్వాకు రాజుల కాలమున మహాచైత్యమును కట్టించిన స్త్రీ చాంతిశ్రీ. ఆమె చాంతమూల మహారాజు సహోదరి. ఆమె ముఖము ఏ కాసుమీదను లేదు. ఆమె పేరు, ఆమె దానము రాతిస్తంభముమీద ఉన్నవి. ఒకతె ముఖము మిగిలినది, మరియొకతె చేసిన పని మిగిలినది.

తొలి క్రైస్తవ రాణి కాసు

మరి క్రైస్తవ రాణుల కాసులు లేవా? ఉన్నవి. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి తల్లి హెలెనా. ఆమె గొప్పింటి బిడ్డ కాదు. సత్రములో పనిచేసిన స్త్రీ అని నాలుగవ శతాబ్దపు అంబ్రోసు భక్తుడు చెప్పెను. భర్త రాజపదవికొరకు ఆమెను విడిచి చక్రవర్తి ఇంటి పిల్లను పెండ్లాడెను. ఏండ్ల తరబడి ఆమె సంగతి ఎవరికిని పట్టలేదు. కొడుకు రాజైన తరువాత, 324 ప్రాంతములో, ఆమెకు ఔగుస్తా బిరుదు కలిగెను. ఆమె కాసులలో ఎక్కువగా దొరకునవి చిన్న రాగి కాసులే. బీదవారి చేతులలో తిరిగిన డబ్బులు అవి. తలకు రాజపట్టము, వెనుకవైపు చేత కొమ్మ పట్టిన స్త్రీ, రాజ్యమునకు భద్రత అను వ్రాత.

అదే సంవత్సరములలో ఆమె కోడలు ఫౌస్టా పేరిట ఇద్దరు బిడ్డలను ఎత్తుకొనిన తల్లి బొమ్మతో కాసులు వచ్చినవి. 326లో కాన్‌స్టాంటైన్ తన భార్యయైన ఈ ఫౌస్టాను, పెద్ద కుమారుడైన క్రిస్పస్‌ను చంపించెను. ఆమె కాసులు అక్కడితో ఆగిపోయినవి. రాజు క్రైస్తవులకు మేలు చేసెనని ఈ సంగతిని దాచిపెట్టుట సత్యము కాదు.

ఆ తరువాత హెలెనా ముసలి వయస్సులో పాలస్తీనా దేశమునకు ప్రయాణము చేసినది. బేత్లెహేములోను, ఒలీవల కొండమీదను ఆలయములకు ఆమె పేరు ముడిపడియున్నది. దీనిని ఆమె కాలపువాడైన యూసెబియస్ వ్రాసెను. ఆమె సిలువ మ్రానును కనుగొనెనను కథ మాత్రము యూసెబియస్ వ్రాతలో లేదు. అది నాలుగవ శతాబ్దపు చివర వ్రాసినవారివలన వచ్చినది. మన పండుగ ప్రసంగములలో ఈ తేడా చెప్పుట మంచిది.

కాసును చదువుట ఎట్లు?

ఐరోపాలో ఈ కాసులు కూడబెట్టు అలవాటు పాతది. 1354లో పెట్రార్క్ అను ఇటలీ కవి నాలుగవ చార్లెసు రాజునకు రోమా కాసులను కానుకగా ఇచ్చి, ఈ ముఖములను చూచి మంచి రాజుగా బ్రతుకుమని బోధించెను.

రాణుల కాసులను గుర్తుపట్టుటకు మొదట జడ చూడవలెనని పండితులు చెప్పుదురు. పెద్ద ఫౌస్టీనాకు జడలు అల్లి నడినెత్తిమీద చుట్టిన కొప్పు. చిన్న ఫౌస్టీనాకు అలలవంటి పాపిట, మెడమీద ముడి. తరువాత వచ్చిన యూలియా దొమ్నాకు బరువైన కట్టుడు జుట్టువంటి అమరిక. రాణి జడ మారినచో దూరదేశపు ఇల్లాండ్ర జడలు కూడ మారెడివి. జడలు అల్లుకొనుటనుగూర్చి, బంగారమునుగూర్చి పౌలును పేతురును స్త్రీలకు ఎందుకు హెచ్చరిక వ్రాసిరో ఈ కాసులు చూచిన తరువాత బాగుగా బోధపడును. వారు ఊహించి వ్రాయలేదు. కండ్లయెదుట సంతలో తిరుగుచున్న నాగరికతను చూచి వ్రాసిరి.

మన దేశములో దొరికిన కాసులకు ఒక ప్రత్యేకత ఉన్నది. కొన్నిటిమీద రాజు తలకు అడ్డముగా ఉలిగాటు ఉండును. లోపల రాగి ఉన్నదేమో అని పరీక్షించుటకు అని కొందరు, మరల నాణెముగా చెల్లకుండుటకు అని మరికొందరు చెప్పుదురు. కొన్నిటికి రంధ్రములు, కొన్నిటికి కొలుకులు. బంగారము కొనలేనివారు మట్టితో అట్టి బిళ్లలు చేసికొని ధరించిరి. కొండాపురములో అట్టివి దొరికినవి. కైసరు అధికారమునకు గుర్తుగా చేసిన వస్తువును మన స్త్రీలు మెడలోని సొమ్ముగా మార్చుకొనిరి. అక్కడ పన్ను, ఇక్కడ పతకము!

మట్టిలో దొరికినప్పుడు

చివరిగా ఒక అవసరమైన మాట. మన ప్రాంతములో చేపల చెరువులకును, ఇంటి పునాదులకును ఎంత మట్టి త్రవ్వుచున్నారో మీకు తెలియును. 1889లో వినుకొండలో తిబెరి కాలమునుండి కారకల్లా కాలమువరకు గల 15 రోమా బంగారు కాసులు బయటపడినవి. రేపు ఎవరి పారకు ఏమి తగులునో ఎవరు చెప్పగలరు? నెల్లూరు రైతు తెలియక అమ్మెను. మనకు తెలిసియు కరిగించినయెడల అది వేరు సంగతి.

1878 నాటి నిధుల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిధి భూమిలో దొరికినవాడు కలెక్టరుకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. హక్కుదారుడు ఎవరును తేలనియెడల, వేరే ఒప్పందము లేనిచో, దొరికినవానికి ముప్పాతిక, భూమి యజమానికి పాతిక భాగము. ప్రభుత్వమే తీసికొన్నయెడల లోహపు విలువకు ఐదవవంతు కలిపి చెల్లించును. దాచిపెట్టినవానికి ఒక సంవత్సరము వరకు చెరసాల శిక్ష ఉండవచ్చును. 1972 నాటి చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన ఇట్టి వస్తువులను ప్రైవేటువారు విదేశములకు పంపకూడదు. లైసెన్సు లేక వాటి వ్యాపారము చేయకూడదు.

దొరికిన కాసును చింతపండుతోను, ఇటుకపొడితోను తోమవద్దు. మెరుపు వచ్చును గాని, వ్రాత పోవును. కుండ పెంకును కూడ పారవేయవద్దు. ఏ లోతులో, ఏ ఇటుకల నడుమ దొరికినదో ఆ సంగతియే చరిత్రకు బంగారము. కొనువారు కూడ జాగ్రత్త! పాతకాలపు కాసులు సుత్తితో ఒక్కొక్కటిగా కొట్టినవి గనుక ఏ రెండును అచ్చముగా ఒకటే ఉండవు. ఒకే గీత, ఒకే సొట్ట రెండు కాసులమీద కనబడినయెడల అవి ఒకే మూసలో పోసిన నకిలీలు.

పొలములో దాచబడిన ధనమును కనుగొని, తనకు కలిగినదంతయు అమ్మి ఆ పొలమునే కొనిన మనుష్యుని ఉపమానము మనకు తెలియును. అతడు మూటకట్టుకొని పారిపోలేదు, వెల చెల్లించెను. పది వెండి నాణెములలో ఒకటి పోగొట్టుకొని, దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి వెదకిన స్త్రీ ఉపమానము కూడ తెలియును. ఆమె పేరు ఏ సువార్తలోను లేదు, ఆమె ముఖము ఏ కాసుమీదను లేదు. కాని పోయినదానిని వెదకు దేవుడు ఎట్టివాడో చెప్పుటకు ప్రభువు ఏ రాణిని తీసికొనలేదు. చీపురు పట్టిన ఆ ఇల్లాలిని తీసికొనెను.

కైసరు రూపము ఉన్న కాసు కైసరుది. దేవుని పోలికెలో చేయబడిన మనుష్యుడు దేవునివాడు. రాజు కొట్టించిన రూపము కాలము చేతిలో అరుగును, మూసలో కరుగును. మన ఇంటిలోనున్న కుమార్తెలమీద, కోడండ్రమీద, పొలములో కూలికి వంగిన స్త్రీలమీద ఉన్న రూపము ఎవరిదో గుర్తించి, ఆ విలువ చొప్పున వారిని చూచుకొనుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.